నేను లేని గ్రూపుల్లో నేను

నేను సభ్యుణ్ణి కాని గ్రూపుల్లో నేనున్నాను. ఎన్నింటిలో ఉన్నానో తెలియదు, తెలుసుకునే దారీ లేదు. స్టిక్కర్ రూపంలో ఉన్నాను. నోరు సగం తెరిచి, కుడిచెయ్యి గాల్లోకి లేపి, ఎడమచేతిలో మార్కర్ పట్టుకుని, చూపు సీలింగు ఫ్యాను మీద పెట్టి ఉంటాను. కింద తెల్లటి అక్షరాల్లో ‘లోడింగ్...’ అని రాసి ఉంటుంది. పెళ్లెప్పుడని ఎవరైనా అడిగితే జనం నన్ను పంపుతారు. ఆఫీసులో పనెంతవరకు వచ్చిందని అడిగినా నన్నే పంపుతారు. ఏడేళ్లు పరిశోధన చేసి నేను లోకానికి అందించిన మొదటి సమాధానం అదే.

ఇంతకీ ఆ పరిశోధన దేని గురించంటే, సోషల్ మీడియా వాడకం విద్యార్థుల మనసు మీద తెచ్చే ఒత్తిడి గురించి. ఇక్కడ నవ్వు వస్తుందని తెలుసు. నవ్వేవాళ్ల కోసం కాసేపు ఆగుతాను. ఆగిపోవడం నాకు అలవాటే.

థీసిస్ ఇవ్వబోయే ముందు డిపార్ట్‌మెంట్ సెమినార్ హాల్లో చేసిన పనంతా కమిటీకి వివరించాలి. ప్రీ-సబ్మిషన్ అంటారు. నోటీసు బోర్డు మీద కాగితం అంటిస్తారు, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. వాళ్లు సరే అంటేనే థీసిస్ బైండింగుకు పోతుంది. ఆ రోజు నేను ముప్పావుగంట బాగానే మాట్లాడాను. కమిటీలో బయటి నుంచి వచ్చిన పెద్దాయన ఒకరున్నారు. తెల్ల మీసాలు, మెత్తటి గొంతు. ఆయన నా ప్రశ్నావళిని అటూ ఇటూ తిరగేసి అడిగారు.

“బాబూ, అందర్నీ బాగానే అడిగారు. మరి మీరు రోజుకు ఎంతసేపు చూస్తారు?”

ప్రశ్నలో కుట్రేమీ లేదు. కుట్ర ఉంటే సిద్ధపడి ఉండేవాణ్ణి. ఆ పొద్దున్నే నా సెమినార్ పోస్టర్‌ను నేనే ఫేస్‌బుక్‌లో పెట్టుకుని, ఎవరెవరు మెచ్చుకున్నారో చూడటానికి హాస్టల్ నుంచి డిపార్ట్‌మెంట్ దాకా తల ఎత్తకుండా నడిచి వచ్చాను. ఆ సంగతి గుర్తొచ్చింది. జవాబు చెబుదామని చెయ్యి లేపాను, నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే రెండో వరుసలో ఒక ఫోన్ పైకి లేచింది. దాని వెనక ఎవరున్నారో కనబడలేదు. నల్లటి చిన్న కన్ను ఒకటి నన్నే చూస్తోంది. తలలో ఉన్న తెలుగు, ఇంగ్లిష్, నా పేరు, అన్నీ ఒకేసారి తుడిచిపెట్టుకుపోయాయి. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. చివరికి కమిటీ అధ్యక్షుడు “కూర్చోండి, కాస్త నీళ్లు తాగండి” అన్నారు. తాగాను. కూర్చున్నాను. మళ్లీ లేవలేదు.

ఆ సాయంత్రం వరండాలో నా గైడ్ మేడమ్ మెల్లగా చెప్పారు. “మళ్లీ సెమినార్ పెట్టమన్నారు. ఆరు వారాలు టైమిచ్చారు. నీ ఎక్స్‌టెన్షన్ కూడా ఆ నెలతో అయిపోతుంది. ఈసారీ అట్లాగే నిలబడిపోతే నా చేతిలో ఏమీ ఉండదు. ఏడేళ్లు పోయినట్టే.”

జీవితంలో నిలబడరా అని మా ఇంట్లో అందరూ చెప్పేవారు. నిలబడిపోవడమే నా జబ్బు అవుతుందని ఎవరూ ఊహించలేదు.

మర్నాడు పొద్దున మెస్‌లో ఉప్మా ప్లేటు ముందు కూర్చున్నాను. పక్క బల్ల దగ్గర నలుగురు జూనియర్లు ఒకేసారి ఫోన్లలోకి చూసి, ఒకేసారి తలెత్తి నన్ను చూశారు. ఒకడు నోరు సగం తెరిచి చెయ్యి లేపాడు.

“అన్నా, చట్నీ కావాల్నా? ఏమో, ఇంక లోడ్ అయితున్నది.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నన్ను నేనే వెక్కిరించుకోవడం నాకు చిన్నప్పటి నుంచి ఉన్న విద్య. ఎదుటివాడు అనేలోపే మనమే అనేసుకుంటే దెబ్బ తగలదని నా లెక్క. ఈసారి లెక్క తప్పింది. నేనొక్కణ్ణి, వాళ్లు లెక్కలేనంత మంది.

మూడో రోజున తార్నాకలో జిరాక్స్ షాపుకు వెళ్లాను. మెట్రో స్తంభాల పక్క సందులో ఉంటుంది, ఏడేళ్లుగా నా కాగితాలన్నీ అక్కడే కాపీ అయ్యాయి. షాపాయన కాగితాలు తీసుకుని నా ముఖంలోకి చూశాడు. మెషీన్ మూత తెరిచి పట్టుకుని అలాగే ఆగిపోయాడు.

“సార్, గా స్టిక్కర్ల ఉన్నది మీరే కదా?”

“ఏ స్టిక్కర్?” అన్నాను, చాలా అమాయకంగా.

“గిదే సార్. మా బామ్మర్ది పంపిండు, వరంగల్ నుంచి. గీ మనిషిని నేను యాడనో చూసిన అని నిన్నటి సంది ఒకటే సోచాయిస్తున్న.” ఫోన్ తీసి నా ముఖం పక్కన పెట్టి పోల్చి చూసుకున్నాడు. “మీరే. ఒక్కసారి నోరు గట్ల పెట్టుండ్రి సార్, ఫోటో దిగుదం.”

పాపం, ఆయన గొంతులో ఎగతాళి లేదు. సంతోషమే ఉంది. అయినా కాగితాలు అక్కడే వదిలేసి రోడ్డు మీదకు వచ్చేశాను. వరంగల్ నుంచి తార్నాకకు వచ్చిందంటే, తార్నాక నుంచి ఇంకెక్కడికి పోయుంటుంది? ఆ ఒక్క ఆలోచనతో సికింద్రాబాద్ పోయే బస్సులన్నీ నాకు నన్ను మోసుకుపోతున్నట్టే కనిపించాయి. వైరల్ అంటే అప్పటిదాకా నాకు జ్వరం. ఇదీ జ్వరమేనని అప్పుడు తెలిసింది. జ్వరం నాది, దాన్ని మోసుకు తిరిగే ఒళ్లు మాత్రం ఊళ్లోవాళ్లవి.

ఆ రోజు నుంచి నడిచే దారులు మారాయి. క్యాంపస్‌లో యూనివర్సిటీకి గుర్తుగా నిలిచిన పెద్ద రాతి భవనం ముందు పొద్దునా సాయంత్రమూ జనం రీల్స్ తీసుకుంటూ ఉంటారు. పెళ్లికి ముందు ఫోటోలని కొత్త జంటలు వస్తాయి, గౌన్లు పట్టుకుని వెనకాల చెల్లెళ్లు పరిగెడతారు. ఆ ఫోన్లు నా వైపు లేవని నాకు తెలుసు. ఆ సంగతి తలకు తెలుసు, కాళ్లకు తెలియదు. అందుకని అడిక్‌మెట్ వైపు చుట్టు తిరిగి రెండింతల దూరం నడిచేవాణ్ణి. ఫోన్ చెవికి పెట్టుకున్నవాళ్లను చూస్తే భయం ఉండేది కాదు. ముఖానికి ఎదురుగా పెట్టుకున్నవాళ్లను చూస్తే చటుక్కున దారి మళ్లేవాణ్ణి. లైబ్రరీలో గోడవైపు కుర్చీ కోసం తెరిచే వేళకే పోయి కాపు కాసేవాణ్ణి. ఎవరైనా నోటీసు బోర్డుకు ఫోటో తీస్తుంటే స్తంభం చాటున ఆగి, వాళ్లు వెళ్లాక కదిలేవాణ్ణి.

భయపడ్డవాడు ఫోన్ దూరం పెడతాడని అనుకుంటారు. థీసిస్ మూడో అధ్యాయంలో నేనూ అలాగే రాశాను. అది తప్పని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. గదిలో పాము దూరిందని తెలిసినవాడు దాని మీంచి చూపు తిప్పుకోడు. నేనూ అంతే. పళ్లు తోముకుంటూ చూసేవాణ్ణి, అన్నం కలుపుకుంటూ ఎడమచేత్తో చూసేవాణ్ణి. నా స్టిక్కర్ కింద ఎవరేమన్నారో, కొత్తగా ఎవరికి పోయిందో వెతికేవాణ్ణి. ‘వీళ్లకా మన ఫెలోషిప్పులు’ అని ఒకరు రాశారు. ‘ముప్పై ఏళ్లొచ్చినా చదువేనా’ అని ఇంకొకరు. నాకు ముప్పై నాలుగు. ఆ నాలుగేళ్లు తగ్గించినందుకు ఆయన మీద నాకు కాస్త కృతజ్ఞత కూడా కలిగింది. అంత దూరం వచ్చింది వ్యవహారం.

ఒకరోజు మధ్యాహ్నం డిపార్ట్‌మెంట్ మెట్ల మీద కూర్చుని సంచిలో మిగిలిపోయిన ప్రశ్నావళి ఒకటి బయటికి తీశాను. రెండొందల మంది చేత నింపించినవాణ్ణి, నేనెప్పుడూ నింపలేదు. పెన్ను తీసి మొదలుపెట్టాను. ‘ఫోన్ మోగకపోయినా మోగినట్టు అనిపిస్తుందా?’ ఎప్పుడూ. ‘తెలియనివాళ్లు మీ గురించి మాట్లాడుకుంటున్నారని అనిపిస్తుందా?’ ఎప్పుడూ. ‘ఆకలి తగ్గిందా?’ తరచుగా. ప్రతి ప్రశ్నా నేను రాసిందే. అయినా ఎవరో నా గది కిటికీలోంచి తొంగి చూసి రాసినట్టుంది. చివరి పేజీలో సర్వే చేసేవాళ్ల కోసం నా మాటల్లోనే ఒక సూచన ఉంది: ఇన్ని జవాబులు ఈ విధంగా వచ్చినవారిని క్యాంపస్ కౌన్సెలర్ దగ్గరకు వెళ్లమని సౌమ్యంగా చెప్పాలి. నాకు నేను సౌమ్యంగా చెప్పుకున్నాను. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని కౌన్సెలింగ్ గది ఉన్న భవనం దాకా నడిచాను. మెట్ల దగ్గర ఇద్దరమ్మాయిలు సెల్ఫీ దిగుతున్నారు. వెనక్కి తిరిగాను. ఆ మెట్లు ఎక్కడానికి నాకు ఇంకో రెండు నెలలు పట్టింది.

హాస్టల్లో నా గదిలో ఇంకో స్కాలర్ ఉండేవాడు. జనగామ దగ్గరి పల్లె, చరిత్ర శాఖ. నాకంటే ఆరేళ్లు చిన్న. మా అమ్మ మల్కాజ్‌గిరిలోనే ఉంటుంది, ఇక్కడికి బస్సులో ఎంతో దూరం కాదు. అయినా ఇంట్లో చదువు సాగదని చెప్పి నేను హాస్టల్లో ఉండి ఫోన్ చూసుకునేవాణ్ణి. అందుకని నా తిండీ నిద్రా కనిపెట్టుకుని ఉండే పని ఈ తమ్ముడి మీద పడింది. సెమినార్ జరిగిన నాలుగు వారాల తర్వాత ఒక ఆదివారం, అతను చొక్కా ఇస్త్రీ చేస్తూ చేస్తూ ఆపాడు.

“అన్నా, ఒకటి చెప్తా. కొట్టు, తిట్టు, ఏమన్నా జెయ్యి.”

“ఏంటి?”

“గా స్టిక్కర్ నేనే జేసిన.”

నేను మంచం మీద కూర్చుని ఉన్నాను. అతన్నే చూస్తున్నాను.

“మన ఫ్లోర్ గ్రూపుల ఏసిన, పన్నెండు మందే ఉన్నం కదా. నవ్వుకుంటవు అనుకున్న. నువ్వే ఏస్తవ్ కదన్నా నీ మీద జోకులు. ఎవడు బయటికి పంపిండో నాకు ఎర్కలేదు. అందర్ని అడిగిన, తీసేయున్రి అని కాళ్లు మొక్కిన. ఆడికెళ్లి పోయింది, ఇగ మన చేతుల లేదు.”

“వీడియో కూడా నువ్వే తీశావా?”

“నీ సెమినార్ కదా, అమ్మకు చూపెడ్తవని తీసిన.” ఇస్త్రీ పెట్టె కింద కాలర్ మాడుతోంది, అతను చూసుకోలేదు. “గట్ల చూడకన్నా. తిట్టరాదే.”

కోపం వస్తే బాగుండేది. వచ్చింది భయమే. నల్లటి కన్ను వెనక ఎవరో పరాయివాడున్నాడని అన్నాళ్లూ అనుకున్నాను. ఉన్నది నాకు టీ తెచ్చిపెట్టేవాడు. ప్రేమగా తీసినదే ఇలా తయారైతే, ఇక ఎవరి చేతిలో ఫోన్ చూసి ధైర్యం తెచ్చుకోవాలి? “కాలర్ కాలుతోంది” అన్నాను.

మర్నాటి నుంచి అతను నా చేత రిహార్సల్ చేయించడం మొదలుపెట్టాడు. అది తన అపరాధ రుసుము. సెమినార్ హాలు ఖాళీగా ఉన్నప్పుడు తాళం అడిగి తెచ్చి, రెండో వరుసలో కూర్చుని, పెద్దాయన గొంతుతో “బాబూ, మీరు రోజుకు ఎంతసేపు చూస్తారు?” అనేవాడు. మొదటిరోజు అతను దస్తీ కోసం జేబులో చెయ్యి పెట్టగానే నా నోరు మూతపడింది. రెండోరోజు చేతులు బల్ల మీదే పెట్టుకుని కూర్చున్నాడు, అయినా ఆ ప్రశ్న దగ్గరకు వచ్చేసరికి చూపు ఫ్యాను మీదకు పోయింది. నాలుగో రోజు అతనే కళ్లు తుడుచుకున్నాడు.

“నువ్వు మాట్లాడకుంటే మీ అమ్మకు నేను మొఖమెట్ల చూపియ్యాలన్నా?”

నాకు తెలియకుండా ఆ సాయంత్రమే అతను మా అమ్మకు ఫోన్ చేశాడు. అన్నం తినట్లేదనీ, సెమినార్‌లో మాట రావట్లేదనీ, ఈసారి రాకపోతే చదువు పోతుందనీ చెప్పాడు. స్టిక్కర్ సంగతి మాత్రం చెప్పే ధైర్యం చాలలేదట.

రెండు రోజుల తర్వాత తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. తెలియని నంబరంటేనే భయపడే రోజులు. ఎత్తాను. ఎవరో పెద్దావిడ.

“బాబూ, మాటొస్తోందా?”

“ఎవరండీ?”

“ఆఁ, పలికావు, దేవునికి స్తోత్రం. ఉంటానయ్యా.” పెట్టేశారు.

పది నిమిషాల్లో ఇంకొకరు. “నాయనా, పుట్టుకతోనే లేదా, మధ్యలో పోయిందా?” సాయంత్రానికి గుడివాడ నుంచి ఒకరు, రాజమండ్రి నుంచి ఇద్దరు. అందరూ నా గొంతు విని సంతోషించినవాళ్లే. నేను మాత్రం ప్రతి రింగుకూ ఫోన్ దిండు కింద పెట్టి, మళ్లీ తీసేవాణ్ణి. అమ్మకు ఫోన్ చేశాను.

మా అమ్మ లెక్కల టీచరుగా రిటైరైంది. ఊరు బందరు దగ్గర, నాన్న రైల్వే ఉద్యోగం వల్ల మల్కాజ్‌గిరి వచ్చాం. ఇప్పుడు చర్చిలో స్త్రీల సమాజానికి ఆవిడే కార్యదర్శి, వాళ్ల వాట్సాప్ గ్రూపుకు అడ్మిన్. ఎవరికి ఏ కష్టమొచ్చినా ప్రార్థన మనవి అని అందులో పెడతారు, అందరూ ఆమేన్ అంటారు, ఎవరి చుట్టాలకు వాళ్లు పంపుతారు.

“అమ్మా, నా గురించి గ్రూపులో ఏం పెట్టావు?”

“ప్రార్థన మనవి పెట్టాను. వచ్చే గురువారం పదకొండింటికి మా అబ్బాయికి పెద్ద పరీక్ష, నోట మాట రావట్లేదు, ప్రార్థించండని. తప్పేంట్రా?”

“నంబరు కూడా పెట్టావా?”

“ధైర్యం చెబుతారని పెట్టాను. ఫోటో కూడా పెట్టాను. ఎంత బాగున్నావో అందులో.”

“ఏ ఫోటో?”

“పై వాటాలో అమ్మాయి పంపించింది. ఆంటీ, మీ అబ్బాయే కదా అని. చెయ్యెత్తి, పైకి చూస్తూ, అచ్చం పాస్టరుగారు వాక్యం చెబుతున్నట్టున్నావు.”

“కింద ఏం రాసుందో చూశావా?”

“లోడింగని ఉంది. అది లారీలకి కదా రాస్తారు?”

నేను ఫోన్ నుదుటికి ఆనించుకున్నాను.

“ఏరా, మళ్లీ పోయిందా మాట?” అంది అమ్మ, నిజంగానే కంగారుపడి.

ఇక నేను లేని చోటంటూ లేదు. ఎగతాళి చేసేవాళ్ల దగ్గరా నేనే, ప్రార్థించేవాళ్ల దగ్గరా నేనే, రెండు చోట్లా నోరు తెరుచుకునే. గురువారం దగ్గరపడేకొద్దీ నేను చేసిన పని ఒకటే. డిపార్ట్‌మెంట్‌కు రాజీనామా లాంటి ఉత్తరం ఒకటి రాసుకుని జేబులో పెట్టుకున్నాను. ఆరోగ్య కారణాల వల్ల పరిశోధన విరమిస్తున్నానని. మూడు వాక్యాలు. నా రచనల్లో అంత సూటిగా ఉన్నది ఇంకోటి లేదు.

గురువారం ఫోన్ మంచం మీద వదిలేసి వెళ్లాను. హాలు నిండింది. పోయినసారి పదిహేను మంది ఉంటే ఈసారి గోడల వెంట కూడా నిలబడ్డారు. లోడింగ్ అన్న మళ్లీ సెమినార్ ఇస్తున్నాడని ఎవరో ఏదో గ్రూపులో పెట్టారట. మొదటి రెండు వరుసల్లో జూనియర్లు, వాళ్ల ఒళ్లో ఫోన్లు. నా గది తమ్ముడు తన ఫోన్ అందరికీ కనబడేలా తీసి గైడ్ మేడమ్ బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఎవరూ అతన్ని అనుసరించలేదు.

పదకొండుకు ఐదు నిమిషాల ముందు వెనక తలుపు తెరుచుకుంది. అమ్మ. ఆవిడ వెనక ఇంకో ఐదుగురు, అందరివీ లేతరంగు చీరలు, అందరి చేతుల్లో జిప్పున్న బైబిలు సంచులు. మల్కాజ్‌గిరి నుంచి బస్సెక్కి, తార్నాకలో దిగి, దారి అడుగుతూ నడిచి వచ్చారు. ఎవరైనా రావచ్చని నోటీసులో ఉంటుందని అమ్మకు ఎవరు చెప్పారో నేను అడగక్కర్లేదు. తమ్ముడు నేల చూపులు చూస్తున్నాడు. ఆరుగురూ చివరి వరుసలో కూర్చుని ముఖాల చెమట తుడుచుకున్నారు.

మొదలుపెట్టాను. మాట నడిచింది. మూడో అధ్యాయం దాటింది. పెద్దాయన కళ్లద్దాలు సవరించుకున్నారు. అడగరేమో అనుకున్నాను. అడిగారు. ఆయన మర్యాదస్తుడు, జవాబు రాని ప్రశ్న జవాబుకు అర్హమైనదని నమ్మే తరం.

“పోయినసారి ఒకటి మిగిలిపోయింది బాబూ. మీరు రోజుకు ఎంతసేపు చూస్తారు?”

ముందు వరుసలో ఫోన్లు లేచాయి. ఒకటి, మూడు, ఆ తర్వాత లెక్క తెలియలేదు. నా కుడిచెయ్యి దానంతటది పైకి లేచింది. నోరు తెరుచుకుంది. ఫ్యాను కనబడింది. స్టిక్కర్‌లో ఉన్నట్టే ఉన్నానని నాకే తెలుస్తోంది. ఎవరో కిసుక్కుమన్నారు. జేబులో ఉన్న ఉత్తరం గుర్తొచ్చింది. దాన్ని తీసి బల్ల మీద పెట్టి వెళ్లిపోవడమొక్కటే మిగిలింది.

మా చర్చిలో పాస్టరుగారు చెయ్యి పైకెత్తి మాట ఆపారంటే అది మౌన ప్రార్థన. ఎవరూ చెప్పక్కర్లేదు, తలలు వంగుతాయి, కళ్లు మూతపడతాయి. చిన్నప్పుడు నేను దొంగతనంగా కళ్లు తెరిచి చూసేవాణ్ణి, అమ్మ కళ్లు తెరవకుండానే గిల్లేది. ఇప్పుడు నా చెయ్యి పైకి ఉంది, మాట ఆగింది. చివరి వరుసలో కొంగులు తలల మీదకు వచ్చాయి. ఆరు తలలు ఒక్కసారిగా వంగాయి.

కమిటీ కుర్చీలు వేదిక పక్కన జనం వైపు తిరిగి ఉన్నాయి, పెద్దాయనకు వాళ్లు ఎదురుగా కనబడుతున్నారు. యూనివర్సిటీల్లో సభ మధ్యలో తలలు వంగాయంటే అర్థం ఒకటే, ఎవరో పోయారు. ఆయన గబుక్కున కళ్లద్దాలు తీసి లేచి నిలబడి తల వంచారు. ఆయన లేచేసరికి కమిటీ మొత్తం లేచింది. కమిటీ లేచాక జూనియర్లు కూర్చోలేరు కదా. ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఫోన్లు దించి, చేతులు ముందు కట్టుకుని నిలబడ్డారు. ఎవరు పోయారో ఎవరికీ తెలియదు. పోయింది నేనేనని ఒక క్షణం నాకే అనిపించింది.

అప్పుడు చూశాను హాలంతా. నా వైపు ఒక్క కన్ను లేదు. ఆరు వారాల్లో మొదటిసారి. వంగిన తలలే ఉన్నాయి. వాటిలో కొంగు కాస్త జారి కనబడుతున్న, గోరింటాకు పెట్టిన అమ్మ పాపిడి ఒకటి. ఫ్యాను గరగర వినబడింది. చెయ్యి మెల్లగా దించాను.

“నాకు తెలియదు సార్” అన్నాను. గొంతు చాలా చిన్నగా వచ్చింది, ఆ నిశ్శబ్దంలో సరిపోయింది. “ఎంతసేపు చూస్తానో ఇదివరకు చెప్పగలిగేవాణ్ణేమో. ఈ ఆరు వారాలూ నిద్ర లేచింది మొదలు దాన్నే చూస్తున్నాను, అది నన్ను చూస్తోందేమోనని. తినేటప్పుడు చూస్తున్నాను. ఇక్కడికి వచ్చేముందు చూశాను. నాకు భయంగా ఉంది సార్. ఇప్పుడూ ఉంది. భయంతో చూస్తారా అని నా ప్రశ్నావళిలో నేను ఎవర్నీ అడగలేదు. అడగాల్సింది.”

“ఆమేన్” అంది అమ్మ. ప్రార్థన అయిందనుకుని ఐదుగురూ ఆమేన్ అన్నారు. అందరూ కూర్చున్నారు.

పెద్దాయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకోవడానికి చాలాసేపు తీసుకున్నారు. “ఇప్పుడు చెప్పింది థీసిస్‌లో ఉందా?”

“లేదు సార్.”

“రాయండి. రాసి తీసుకురండి, సంతకం పెడతాను.” తర్వాత మేడమ్ వైపు వంగి, “ఇంతకీ పోయిందెవరండీ?” అని అడగడం నాకు వినబడింది.

సెమినార్ ఇచ్చినవాడే అందరికీ సమోసాలూ టీ పెట్టించాలని మా దగ్గర ఆనవాయితీ. స్త్రీల సమాజం తలా ఒకటి తిని, నాకోసం ఒకటి కాగితంలో చుట్టి నా జేబులో కుక్కింది. అదే జేబులోంచి ఉత్తరం తీసి తమ్ముడు చదివి, ముక్కలు చేసి, టీ కప్పులో వేశాడు. “మూడు లైన్లేనా అన్నా? గింత సూటిగ మొదటి సంది రాసుంటే థీసిస్ ఎప్పుడో ఖతమయ్యేది” అన్నాడు. ఇద్దరం నవ్వాం. గోడ దగ్గర ఒక జూనియర్ కూడా మమ్మల్ని చూసి నవ్వాడు. అతని చేతిలో ఫోన్ ఉంది. నా నవ్వు అక్కడితో ఆగింది. అందరూ నిలబడ్డప్పుడు ఎవరూ తీయలేదని తమ్ముడు ఒట్టేశాడు. అతను ముందు వరుస మొత్తాన్ని చూడలేడు కదా.

వాళ్లను బస్సెక్కించడానికి తార్నాక దాకా నడిచాను. దారిలో అమ్మ మిగతావాళ్లను ముందుకు పోనిచ్చి నా పక్కకు వచ్చింది.

“లోడింగంటే ఏంటో నాకు తెలుసురా. ముప్పై ఏళ్లు పిల్లల మధ్య ఉన్నదాన్ని. ఆ అమ్మాయి నవ్వుకుంటూనే పంపింది.”

“మరెందుకు పెట్టావమ్మా గ్రూపులో?”

“అదెలాగూ ఊళ్లు తిరుగుతుంది. ఆపే శక్తి నాకు లేదు. కొందరి దగ్గరైనా నిన్ను చూసి నవ్వకుండా ఉంటారు కదా అని పెట్టాను.”

బస్టాపులో ఐదుగురూ మా ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టారు. అమ్మ నా పక్కనుంచి ఎదురుకు వచ్చి, సంచిలోంచి తన ఫోన్ తీసి, “ఇవాళ్టి రోజున ఒక్కటి తీసుకుందాంరా, నేను నిన్ను తీస్తాను” అంటూ ముఖానికి ఎదురుగా ఎత్తింది. నేను అనుకోలేదు, నా చెయ్యి లేచి నా ముఖానికి అడ్డం వచ్చింది. వేళ్ల సందుల్లోంచి అమ్మ కనబడింది. ఆవిడ ఫోన్‌ను బైబిలు పక్కన పెట్టి, సంచి జిప్పు చివరిదాకా లాగింది.

మల్కాజ్‌గిరి బస్సు వచ్చింది. ఆరుగురూ ఎక్కారు. కిటికీలోంచి అమ్మ చేతులు రెండూ ఊపింది, వాటిలో ఏమీ లేదని చూపిస్తున్నట్టు. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడ్డాను.

అప్పుడు తొడ దగ్గర సన్నగా ఏదో వణికింది. చెయ్యి చటుక్కున జేబులోకి పోయింది. చల్లారిన సమోసా తగిలింది. ఫోన్ హాస్టల్ గదిలో మంచం మీద ఉంది. నాకు ఆ సంగతి తెలుసు. అయినా ఇంకోసారి వణికింది.